రేకు కింద మే నెల

పేదింటికి కరెంటు ఉచితంగా వస్తోంది. అది వేడిగాలిని తిప్పడానికే ఖర్చయిపోతోంది. పైకప్పుకు సున్నం, దూలానికి మంచి ఫ్యాను: ప్రభుత్వ ఖజానాకూ, ఇంట్లో ఉన్న మనిషికీ ఏది ముందు కావాలో లెక్క వేసి చూద్దాం.

మధ్యాహ్నం మూడింటికి బస్తీలో రేకుల ఇంట్లో ఎవరూ ఉండలేరు. పెద్దవాళ్లు గోడ నీడకు చేరతారు. పిల్లలు వేపచెట్టు కిందో, చెట్టు లేని చోట పక్క బిల్డింగు మెట్ల కిందో ఆడుకుంటారు. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, నిద్రపోతున్న పసిబిడ్డ కోసమో మంచం దిగలేని ముసలమ్మ కోసమో. "పంకా ఏస్తే ఉడుకుగాలే కొడ్తది" అని హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లినా అంటారు. ఆ మాటలో సైన్సు తప్పేమీ లేదు.

సిమెంటు రేకు మందం సుమారు 6 మిల్లీమీటర్లు. ఇంటికీ సూర్యుడికీ మధ్య ఉన్న అడ్డు అంతే. మే నెల ఎండకు ఆ రేకు 60 డిగ్రీలు దాటి కాలుతుంది, పైన పడిన వేడిని నిమిషాల్లో కిందికి దించుతుంది. వాతావరణ వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత గాలిది, అదీ నీడలో కొలిచింది. రేకు కింద కూర్చున్న మనిషికి గాలి వేడి ఒక్కటే అయితే ఎలాగో తట్టుకునేవాడు. నెత్తికి రెండు మూడడుగుల ఎత్తున కాలిన పెనం బోర్లించినట్టున్న కప్పు నుంచి సెగ నేరుగా ఒంటికి తగులుతుంది. దాన్ని ఏ ఫ్యానూ ఆపలేదు. ఫ్యాను చేసేదల్లా చెమటను ఆరబెట్టడం. గాలి మన చర్మం కంటే, అంటే దాదాపు 35 డిగ్రీల కంటే వేడెక్కితే అదే ఫ్యాను ఆ వేడిని తెచ్చి ఒంటికి పూస్తుంది. 40 డిగ్రీలు దాటిన చోట ఫ్యాన్ల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే.

శ్లాబు ఇంటి బాధ వేరు. కాంక్రీటు పగలంతా ఎండను తాగి దాచుకుని, పొద్దుగూకాక మెల్లగా వదులుతుంది. రేకుల ఇంటివాళ్లు రాత్రి పదింటికి కాస్త ఊపిరి పీల్చుకునే వేళకు డాబా ఇంటివాళ్లు చాపలు, దిండ్లు చంకన పెట్టుకుని మేడెక్కుతారు. మట్టి మిద్దె, పెంకుటిల్లు, తాటాకు ఇల్లు ఈ రెండు తిప్పలూ ఎంతో కొంత తప్పించేవి. జనం వాటిని ఊరికే వదులుకోలేదు. అగ్గి భయం, పాముల భయం, పెంకులు పీకే కోతులు, రెండేళ్లకోసారి కప్పు నేయించే ఖర్చు. తాటాకింటికి తిరిగి పొమ్మని ఏసీ గదిలోంచి సలహా ఇచ్చేవాళ్లు ఒక్క వానాకాలం అందులో కాపురం ఉండి రావాలి.

ఇంట్లోనే పని చేసుకునే ఆడవాళ్లకైతే ఈ వేడి కూలి డబ్బుల్లోంచి కోత కోస్తుంది. నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లనే చూడండి. ఫ్యాను వేస్తే చాటలో తంబాకు ఎగిరిపోతుంది, తడిపి పెట్టుకున్న తునికాకు ఎండిపోతుంది. వేయకపోతే ఉక్క. వేలు ఆడిన మేరకే కూలి. వాళ్లకు ఉచిత కరెంటు ఎన్ని యూనిట్లు ఇచ్చినా పనికొచ్చేది తక్కువే. కప్పు చల్లబడాలి.

2015 మేలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది పోయారు. వడదెబ్బ అనగానే మనకు పొలంలో కూలీ, రోడ్డు మీద రిక్షావాలా గుర్తొస్తారు. ఇంట్లో మంచం మీద ఉన్నవాళ్లు లెక్కకు రావడం కష్టం. పెద్దవయసు, బీపీ, షుగరు అని రాసేస్తారు.

201వ యూనిట్

తెలంగాణలో గృహజ్యోతి 2024 మార్చి నుంచి అమలవుతోంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. కూలి చేసుకునే ఇంట్లో నెలకు కొన్ని వందలు మిగలడం చిన్న సంగతి కాదు కాబట్టి దీన్ని ఎగతాళి చేసేవాళ్లతో నాకు పేచీ. అయితే 200 దాటిన చోట ఒక గొయ్యి ఉంది. దాటిన ఒకటి రెండు యూనిట్లకు కాదు, మొత్తం అన్నిటికీ డబ్బు కట్టాలి. పైగా టారిఫ్ శ్లాబు మారిపోతుంది. 2022 నాటి టారిఫ్‌లో 200 లోపు వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, ఆపై వాటికి 7 రూపాయల 70 పైసలు. ఆ లెక్కన 200 దగ్గర ఆగిన ఇంటికి సున్నా. 201 కాల్చిన పక్కింటికి ఒక్క ఎనర్జీ చార్జీలే 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం అదనం.

వేసవిలో మీటరు రీడింగు తీసేవాడు రెండు రోజులు ఆలస్యంగా వస్తే బస్తీలో గొడవలు అయ్యేది ఈ ఒక్క యూనిట్ గురించే.

ఇప్పుడు ఫ్యాను సంగతి. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాను అంతే గాలిని 30 వాట్ల అటూ ఇటూలో ఇస్తుంది. దాని మోటారులో శాశ్వత అయస్కాంతాలు, ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. మామూలు మోటారులో వేడి రూపంలో వృథా అయ్యేది ఇందులో చాలావరకు మిగులుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 20 యూనిట్ల తేడా, రెండిటికీ 40. మే నెలలో 230 యూనిట్లు కాలే ఇల్లు 190కి దిగుతుంది. అంటే పై లెక్కలో 1,251 రూపాయల చార్జీలు సున్నా అయ్యాయి. ఇంత లాభం ఇచ్చే వస్తువు పేదింట్లో ఇంకోటి లేదు.

మరి నెలకు 190 యూనిట్లతో ఆగే ఇంటికి? వాళ్లకు బిల్లు ఎలాగూ రాదు. రెండున్నర, మూడు వేలు పోసి ఫ్యాను మార్చమంటే నవ్వుతారు, నవ్వడమే సబబు. కానీ ఆ 190 యూనిట్లకు వాళ్ల తరఫున విద్యుత్ సంస్థకు డబ్బు చెల్లించేది ప్రభుత్వం. 190 యూనిట్ల ఎనర్జీ చార్జీలు 772 రూపాయలు, 150 అయితే 580. నెలకు 192 రూపాయలు సర్కారుకే మిగులుతాయి. ఫ్యాన్లు గట్టిగా తిరిగే ఎనిమిది నెలలకు పదిహేను వందల పైచిలుకు. రెండు ఫ్యాన్లు కలిపి 5,500 పడ్డాయనుకున్నా నాలుగేళ్లు తిరక్కుండా పెట్టుబడి వచ్చేస్తుంది. ఫ్యాను పదేళ్లు తిరుగుతుంది. ఉచిత కరెంటు ఇచ్చే ప్రభుత్వమే ఫ్యాను కూడా ఇవ్వాలి అనడం దానధర్మం లెక్క కాదు, వ్యాపారం లెక్క.

ఆంధ్రప్రదేశ్‌లో గొయ్యి ఇంత నిటారుగా ఉండదు. అక్కడ 2022 నుంచి ఇళ్లన్నిటికీ ఒకటే టెలిస్కోపిక్ పద్ధతి. ఏ శ్లాబులో కాలిన యూనిట్లకు ఆ ధరే. 126 నుంచి 225 మధ్య యూనిట్ 6 రూపాయలు, కాబట్టి ఆ శ్లాబులో ఉన్న ఇంటికి 40 యూనిట్లు తగ్గితే నెలకు 240 రూపాయలు నేరుగా చేతిలో మిగులుతాయి. మూడేళ్లలోపు ఫ్యాన్ల ఖర్చు వచ్చినట్టే.

బీఎల్‌డీసీ ఫ్యానును పొగిడేవాళ్లు ఒక మాట దాటేస్తారు. మామూలు ఫ్యాను కాలితే వీధి చివర మెకానిక్కు వైండింగ్ చేసి ఇస్తాడు. ఇందులో బోర్డు పోతే అతను చేతులెత్తేస్తాడు. కాబట్టి కొనేటప్పుడు ధరలో వంద తగ్గించమని బేరమాడటం కంటే వారంటీ ఎన్నేళ్లో, సర్వీసు సెంటరు ఎక్కడుందో అడగడం మేలు. బిల్లు కాగితం బియ్యం డబ్బాలో కాకుండా ఆధార్ కార్డు పక్కన దాచాలి. పాత గోడ రెగ్యులేటరు ద్వారా దీన్ని నడపకూడదు, ఎలక్ట్రీషియన్‌తో దాన్ని తీసేయించి నేరుగా కలపాలి. ఫ్యాను స్థాయి తెలియాలంటే డబ్బా మీద నక్షత్రాలు చూడండి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి.

బల్బు చేసింది, ఫ్యాను చేయలేకపోయింది

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు వంటి జిల్లాల్లో పాత గుండు బల్బు ఇచ్చి 10 రూపాయలకు ఎల్ఈడీ తీసుకెళ్లమని విద్యుత్ సంస్థలు పిలిచాయి. 2015 జనవరిలో అది జాతీయ పథకమైంది, తర్వాత ఉజాలా పేరుతో దేశమంతా పాకింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ కోట్ల సంఖ్యలో ఒకేసారి టెండర్లు పిలవడంతో 2014 మొదట్లో 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. 36 కోట్లకు పైగా పంచారు. ఇవాళ మారుమూల తండాలో కూడా గుండు బల్బు కనిపించదు. దుకాణదారుడే అమ్మడం మానేశాడు.

అదే సంస్థ 2016లో విజయవాడలో 50 వాట్ల ఫ్యాన్ల పథకం మొదలుపెట్టింది. ఫ్యాను ముందు తీసుకుని, డబ్బు కరెంటు బిల్లుతోపాటు నెలవారీ కట్టుకోవచ్చన్నారు. మంచి ఏర్పాటు. కానీ దేశం మొత్తం మీద అలా వెళ్లిన ఫ్యాన్లు 23 లక్షల చిల్లర. బల్బుల్లో నూరో వంతు కూడా కాదు. బల్బు జేబులో డబ్బుతో కొనేది, ఫ్యాను అప్పుతో కొనేది అనే తేడాను దాటించేంత జోరు ఆ పథకానికి ఎక్కలేదు. 2023లో కోటి బీఎల్‌డీసీ ఫ్యాన్ల లక్ష్యంతో మళ్లీ కదిలారు. ధర బల్బులా పడిపోవడం మాత్రం ఇంకా చూడలేదు.

సున్నానికి సర్కారు ముద్ర

ఇక పైకప్పు. తెల్ల రంగు ఎండను తిప్పికొడుతుందని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. అయినా కొలిచి చూశారు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల మీద డ్యుపాంట్ కంపెనీ ఇచ్చిన టైవెక్ అనే తెల్లటి పొరను పరిచారు. జీహెచ్ఎంసీతోపాటు ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) ఇందులో ఉన్నాయి. పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఇంతేనా అనిపిస్తుంది. ఆ 2 డిగ్రీలు గాలివి. నెత్తి మీద తగ్గిన సెగ అందులో కలవలేదు. అహ్మదాబాద్ వంజారా వాస్‌లో ఇటీవల 400 ఇళ్ల కప్పులకు తెల్ల రంగు వేసి, లోపల ఉన్నవాళ్ల ఆరోగ్యం ఎలా మారుతుందో కొలిచే పని పెట్టుకున్నారు. డిగ్రీల కంటే గుండె వేగం, నిద్ర, నీరసం అసలైన కొలతలు కాబట్టి ఇది సరైన దారి.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఇలా విధానం తెచ్చిన రాష్ట్రాల్లో ముందువరసలో నిలిచింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు, అందులో 200 హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లలో మాత్రం 600 గజాలు, ఆపై స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఇష్టముంటేనే. భవన అనుమతులతో ముడిపెట్టి అమలు చేసే విధానం కాబట్టి అలా రాసుకున్నారు. కానీ రేకుల ఇంటికి ఎవడు ప్లాను పెట్టి అనుమతి తీసుకుంటాడు? దాంతో ఏసీలున్న బంగళాకు చల్లని కప్పు చట్టమైంది. ఏసీ లేని చోట అది ఎవరి ఇష్టం వారిది.

ఖర్చు చదరపు మీటరుకు 300 రూపాయలని అప్పట్లో చెప్పారు. 400 చదరపు అడుగుల ఇల్లంటే 37 చదరపు మీటర్లు, పదకొండు వేల చిల్లర. ఇందిరమ్మ ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం 5 లక్షలు. అందులో ఇది రెండు శాతం పైచిలుకు. శ్లాబు పోసినప్పుడే ఇదీ కలిపేస్తే, ఆ కప్పు కింద కుటుంబం ఏళ్ల తరబడి ఉడకాల్సిన పని లేదు.

కొనుక్కునే కూల్ పెయింటు ఒక్కటే మార్గం కాదు. మన తాతలు మిద్దె మీద వేసింది సున్నమే. రాతి సున్నం రాత్రి నానేసి, వడగట్టి, పట్టు కోసం బంకో ఫెవికాలో కలిపి, పలచగా రెండు మూడు చేతులు. గడ్డలు కట్టేలా చిక్కగా వేస్తే పెచ్చులూడుతుంది. వానాకాలం పోయేసరికి సగం కొట్టుకుపోతుంది, దుమ్ముకూ పొయ్యి పొగకూ మాసిపోయి తెల్లదనం తగ్గుతుంది. అంటే ఏటా వేయాల్సిందే. కూల్ పెయింటు మూడు నాలుగేళ్లు ఆగుతుందన్నా, రోడ్డు పక్క ఇల్లయితే ఏటా కడగాలి.

సిమెంటు రేకు మీదికి ఎక్కేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఈ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. నాచు గీకుదామని పొడిగా ఉన్న రేకును ఇనుప బ్రష్షుతో రుద్దకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిపి, మెత్తటి చీపురుతో తోయాలి. రెండోది, రేకు మధ్యలో అడుగు వేస్తే కింద వంటింట్లో తేలతారు. కింద దూలం ఉన్న వరస చూసుకుని, అడ్డంగా చెక్క వేసి దాని మీదే నడవాలి. జింకు రేకుల ఇంటికి మరో చిక్కు. మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటారు. కానీ మెరిసే లోహం ఒకసారి వేడెక్కాక ఆ వేడిని ఆకాశంలోకి సరిగా వదలదు. దానికీ తెల్ల పూత కావాలి.

పైకప్పు పని అయ్యాక కూలరు గురించి ఆలోచించవచ్చు. ఆదిలాబాద్, కరీంనగర్ పొడి ఎండల్లో గడ్డి తడికల కూలరు అద్భుతంగా పనిచేస్తుంది. మచిలీపట్నంలో, కాకినాడలో గాలిలోనే తేమ ఉండటం వల్ల అది గదిని తడి చేస్తుంది తప్ప చల్లబరచదు. అక్కడ కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ తీయించడమే మేలు. ఒకే గుమ్మం, వెనక గోడకు చిన్న వెంటిలేటరు కూడా లేని గదులు మన కాలనీల్లో ఎన్నో. ఇటుకలు రెండు తీసి జాలీ పెడితే ఉడుకుగాలి పైనుంచి పోతుంది.

సోలారు మాటా వస్తుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 వరకు రాయితీ ఉంది. శ్లాబు ఇల్లు, సొంత కప్పు ఉన్నవాళ్లకు అది మంచి అవకాశం. సిమెంటు రేకు పలకల బరువును నమ్మకంగా మోయలేదు. కాబట్టి మనం మాట్లాడుతున్న ఇళ్లలో చాలావాటికి ఇప్పట్లో సూర్యుడు శత్రువే.

బిల్లు కట్టాలా, ఇల్లు బాగుచేయాలా

ఈ ప్రశ్నతో అమెరికా యాభై ఏళ్లుగా కుస్తీ పడుతోంది. అక్కడ బాధ చలిది. 1970ల చమురు సంక్షోభంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం పేదలకు తలకు మించిన భారమైంది. 1976లో వెదరైజేషన్ పథకం పెట్టారు. కార్మికుల బృందం పేదవాడి ఇంటికి వచ్చి, ఉచితంగా తలుపు సందులు పూడ్చి, అటక మీద వెచ్చదనం నిలిపే దూదిలాంటి పొరలు పరిచి, ఇల్లు వేడిచేసే పాత యంత్రాన్ని మార్చి వెళ్తుంది. 1981లో మరో పథకం వచ్చింది. అది బిల్లు కట్టడానికి నేరుగా సాయం చేస్తుంది. బిల్లు సాయం ప్రతి చలికాలమూ మళ్లీ ఇవ్వాలి, ఇంటి బాగు ఒకసారి చేస్తే ఏళ్లు నిలుస్తుంది. అందుకని బిల్లుల నిధిలో 15 శాతం దాకా రాష్ట్రాలు ఇంటి మరమ్మతుకు మళ్లించుకోవచ్చని చట్టంలోనే వీలు కల్పించారు. ప్రత్యేక అనుమతితో 25 శాతం దాకా.

ఆ 15 శాతాన్ని మన దగ్గరికి తెచ్చి చూద్దాం. 2024-25 బడ్జెట్‌లో గృహజ్యోతికి తెలంగాణ కేటాయించింది 2,418 కోట్లు. 15 శాతమంటే 360 కోట్లకు పైన. ఇంటికి పదకొండు వేల చొప్పున ఒక్క ఏడాదిలో మూడు లక్షలకు పైగా కప్పులు తెల్లబడతాయి. సున్నంతో సరిపెడితే ఇంకా ఎన్నో. మరుసటి ఏడాది అదే డబ్బు ఫ్యాన్లకు. ఎవరి జీరో బిల్లూ తీసేయనక్కర్లేదు. యూనిట్లు తగ్గిన మేరకు సబ్సిడీ భారమూ తగ్గుతుంది.

అడ్డొచ్చేది అద్దె ఇల్లు. బస్తీలో చాలామంది ఉండేది వరస గదుల్లో. ఒకే రేకు కింద నాలుగైదు కాపురాలు, చివరి గదిలో ఓనరు. అద్దెకున్నవాడు ఫ్యాను కొనుక్కుంటే గది ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు. కప్పు మీద పెట్టిన డబ్బు ఓనరుదైపోతుంది. ఓనరేమో ఎండాకాలం అద్దె ఎలాగూ వస్తోంది కదా అని పట్టించుకోడు. సర్కారు వేయిస్తే సంతోషిస్తాడు, తర్వాతి నెల "గది చల్లగా అయింది" అని రెండొందలు పెంచినా పెంచుతాడు. అమెరికా పథకం ఈ చిక్కును ముందే చూసింది. అద్దె ఇంట్లో పని చేయాలంటే యజమాని సమ్మతి కావాలి, ఆ పని చూపించి కొంతకాలం అద్దె పెంచనని ఒప్పుకోవాలి. వరస గదుల ఓనరుతో అలాంటి నాలుగు వాక్యాల కాగితం రాయించుకోవడం మన వార్డు ఆఫీసుకు చేతకాని పనేమీ కాదు. పని మాత్రం ఫిబ్రవరిలో మొదలుపెట్టాలి. మార్చి చివరికల్లా రేకు మీద కూలీ కాలు నిలవదు.